మా కంది చేను ఎందుకు కాయలేదు

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ముప్పై ఏండ్లు పటాన్‌చెరు ఫ్యాక్టరీలల్ల చేసినవు గదా, పరిశ్రమల గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నాడు. సరే అన్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఈ బడికి నేను బాకీ ఉన్న ప్రసంగం అది కాదని అనిపించింది. నేను బాకీ ఉన్నది ఒక ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న నేను తొమ్మిదో తరగతిలో అడిగాను. అప్పుడు జవాబు చెప్పలేకపోయిన మన సైన్సు సారు ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చున్నారు. సార్, నలభై ఏండ్లు ఆలస్యమైంది, క్షమించాలి.

అప్పట్లో మనది మెదక్ జిల్లా, సంగారెడ్డి జిల్లా కేంద్రం. మా నాయినకు నాలుగెకరాల చెలక ఉండేది. జొన్నలో కంది సాళ్లు వేసేవాళ్లం. మన వైపు కంది లేని చేను ఎక్కడుంది? సంగారెడ్డి పక్కన ఊరి పేరే కంది. ఇప్పుడు అక్కడ హైదరాబాద్ ఐఐటీ ఉంది కాబట్టి పిల్లలకు ఆ పేరు వేరే రకంగా తెలుసు.

1984 వానాకాలం పంట అది. జొన్న కోసేశాం. కంది పూతకు రావాలి. పక్క చేన్లన్నీ పసుపుపచ్చగా పూశాయి. మా చేనులో సగం మొక్కలు పూయలేదు. ఎండిపోయాయా అంటే లేదు. పచ్చగా, గుబురుగా, పొదల్లా ఉన్నాయి. ఆకులు మాత్రం చిన్నవైపోయి, వాటి మీద లేత రంగు, ముదురు రంగు మచ్చలు కలగలిసి ఉన్నాయి. పక్కవాళ్ల కంది ఎండి కోతకు వచ్చినా మావి పచ్చగానే నిలబడ్డాయి. ఒక్క కాయ లేదు. ఎవరో బలం మందు తక్కువైంది అంటే నాయిన అప్పు చేసి యూరియా తెచ్చి వేశాడు. ఇంకాస్త పచ్చబడ్డాయి, అంతే. చివరికి బర్రెలను తోలాం.

దీన్ని మన రైతులు వెర్రి తెగులు అంటారు, గొడ్డుమోతు తెగులు అని కూడా అంటారు. ఆ రెండో పేరు దగ్గరే మా ఇంట్లో కథ మొదలైంది.

మా మేనత్తకు పిల్లలు లేరు. భర్త పోయాక తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. మా చేనులో నాగలి వెంట నడుస్తూ సాలులో విత్తనం వేసేది ఆమే. ఒడిలో గింజలు పోసుకుని, వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ పోతే గింజకూ గింజకూ మధ్య దూరం కొలిచినట్టు ఉండేది. ఆ ఏడు పంట పోయాక బావి దగ్గర ఒక మాట లేచింది. "గొడ్రాలు చేతితోటి ఇత్తు ఏస్తే చేను గొడ్డు పోకుంట ఏమైతది?" అని. మా నాయిన ఆ మాట నమ్మాడో లేదో నాకు తెలియదు. కాదని మాత్రం ఎవరితోనూ అనలేదు.

మరుసటి ఏడు తొలకరి పడ్డాక, విత్తే రోజు పొద్దున నన్ను పిలిచి అత్తకు చెప్పిరమ్మన్నారు. నేను పోయి, "అత్తా, ఈ యేడు నువ్వు రాకు, అమ్మ ఏస్తదట ఇత్తులు" అన్నాను. ఆమె అప్పటికే ఒడిలో గింజలు పోసుకుని ఉంది. ఏమీ అనలేదు. గింజలన్నీ చాటలో తిరిగి పోసి, కొంగు దులుపుకుని లోపలికి పోయింది. మళ్లీ ఎన్నడూ మా చేనులో విత్తనం వేయలేదు.

అంతకు ముందు, చేను గొడ్డుపోయిన చలికాలంలోనే, నేను ఒక కంది కొమ్మ విరుచుకుని బడికి తెచ్చి సైన్సు సారుకు చూపించాను. "సార్, ఇదెందుకు పూయలేదు?" అని అడిగాను. సారు ఆకులు తిప్పితిప్పి చూశారు. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశారు. "నాకు తెలియదురా. నాకే కాదు, ఇప్పటికి ఎవరికీ పూర్తిగా తెలియదు. ఇక్రిశాట్‌లో వెతుకుతున్నారు. దొరికినప్పుడు నువ్వే వచ్చి నాకు చెప్పు" అన్నారు. ఒక మాస్టారు తరగతి ముందు నాకు తెలియదు అనడం నేను వినడం అదే మొదటిసారి.

సార్, దొరికింది. ఇప్పుడు చెబుతాను.

ఈ తెగులును మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1931లో, బీహార్‌లోని పూసాలో. మొక్క నుంచి మొక్కకు దీన్ని మోసేది ఒక నల్లి అని 1960ల నాటికి తేలింది. మంచంలో ఉండే నల్లి కాదు. ఆకు అడుగున ఉండే ఈ నల్లి పొడవు ఒక మిల్లీమీటరులో అయిదో వంతు. వట్టి కంటికి కనపడదు. రెక్కలు లేవు, గాలి ఎటు వీస్తే అటు పోతుంది. కంది మీద, కందికి దగ్గరి బంధువులైన కొన్ని అడవి మొక్కల మీద తప్ప మరెక్కడా బతకదు. అయితే నల్లి మోసేవాడే, దొంగ కాదు. అది మోస్తున్నదేమిటో మాత్రం డెబ్బై ఏండ్ల దాకా పట్టుబడలేదు.

ఎందుకు పట్టుబడలేదు? మామూలుగా మొక్కల వైరస్‌ను వెతకాలంటే తెగులు ఆకును నూరి, ఆ పసరును మంచి మొక్క ఆకు మీద రుద్దుతారు. తెగులు వస్తే పసరులో వైరస్ ఉన్నట్టు. ఈ పద్ధతి కంది మీద పనిచేయలేదు. వైరస్‌ను శుద్ధి చేసే మామూలు పద్ధతుల్లో ఇది నిలవలేదు.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. అక్కడి శాస్త్రవేత్త వై.ఎల్. నెనె, ఆయన సహచరులు 1970లలోనే ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. తెగులు ఆకును తెచ్చి, మంచి మొక్క ఆకుకు కాగితాలు కుట్టే మామూలు స్టాప్లర్‌తో కుట్టేశారు. తెగులు ఆకు ఎండుతుంటే నల్లులు తిండి కోసం పక్క ఆకు మీదికి నడిచిపోతాయి. అంతే, మంచి మొక్కకు తెగులు అంటుకుంటుంది. మన ఆఫీసుల్లో బల్ల మీద ఉండే స్టాప్లరే. ఇంజనీరుగా నాకు ఇంతకంటే నచ్చిన పరికరం లేదు. ఈ ఉపాయంతో వేల కంది రకాలకు కావాలని తెగులు అంటించి, ఏది తట్టుకుంటుందో ఏరారు. దొంగ పేరు తెలియకముందే తలుపు గట్టిది చేసుకున్నారన్నమాట. ఇప్పుడు మన రైతులకు తెలిసిన 'ఆశ' కంది, అంటే ఐసీపీఎల్ 87119, అట్లా ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకునే రకంగా 1993లో విడుదలైంది.

దొంగ పేరు తర్వాత తేలింది. ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి, పి. లావ కుమార్, స్కాట్లాండ్ పంటల పరిశోధన సంస్థకు చెందిన ఎ.టి. జోన్స్ కలిసి పనిచేసి, తెగులు ఉన్న ప్రతి మొక్కలో ఉండి మంచి మొక్కలో లేని ఒక వైరస్‌ను పట్టుకున్నారు. 2003లో ఆ వివరాలు అచ్చయ్యాయి. మెత్తని దారాల్లాంటివి, 3 నుంచి 10 నానోమీటర్ల మందం. తలవెంట్రుక మందంలో సుమారు పదివేల వంతు. 2014లో ఇక్రిశాట్, ఇటలీ శాస్త్రవేత్తలు కలిసి దాని జన్యు సమాచారం మొత్తం చదివారు. అది అయిదు ముక్కలుగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ అని తేలింది. మరుసటి ఏడు దీని తోడుదొంగ, ఆరు ముక్కల వైరస్ ఒకటి కూడా బయటపడింది.

ఇక్కడి నుంచి నా వృత్తికి దగ్గరి విషయం. ముప్పై ఏండ్లుగా నేను మందుల ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ లైన్లు నడిపిస్తున్నాను. మా పనిలో రెండే సంగతులు. సరుకు తయారు చేయాలి, తయారైన సరుకును సరైన డబ్బాలో పెట్టాలి. మొక్క కణంలో చొరబడిన వైరస్‌కు కూడా ఉన్నవి ఈ రెండే పనులు. తన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీయాలి, వాటిని ప్రోటీన్ డబ్బాల్లో సర్దాలి. గోడలు, కరెంటు, కూలీలు, ముడిసరుకు అన్నీ మొక్కవే.

ఆర్‌ఎన్‌ఏ అంటే ఒక పొడవైన ఆదేశం అనుకోండి. ఆ ఆదేశం రెండు రకాలుగా ఉండవచ్చు. మన హెడ్మాస్టర్ గారి రబ్బరు స్టాంపు గుర్తుందా? దాని మీద అక్షరాలు తలకిందులుగా ఉంటాయి, చదవలేం. కాగితం మీద కొడితే అచ్చు పడుతుంది, అప్పుడు చదవగలం. కంది వైరస్ ఆర్‌ఎన్‌ఏ రబ్బరు స్టాంపు లాంటిది. కణం దాన్ని నేరుగా చదవలేదు. అందుకని ఈ వైరస్ వచ్చేటప్పుడే అచ్చుకొట్టే యంత్రాన్ని, అంటే నకళ్లు తీసే ఎంజైమును, వెంట తెచ్చుకోవాలి. స్టాంపు ఒక్కటే పంపితే ఏమీ జరగదు. పార్సిల్‌లో స్టాంపూ ఉండాలి, యంత్రమూ ఉండాలి.

ఇంకో సంగతి. ఈ రకం వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను ఎప్పుడూ బట్ట లేకుండా వదలదు. ఆర్‌ఎన్‌ఏ తయారవుతూ ఉండగానే, దాని కోసమే ఉన్న ప్రోటీన్ ఒకటి దాని పొడవునా అతుక్కుంటూ పోతుంది. ఆ ప్రోటీన్ కణంలో సరిపడా పోగైతేనే పూర్తి నిడివి నకళ్లు ఎక్కువగా తయారవుతాయి. మా భాషలో చెప్పాలంటే, ప్యాకింగ్ సామాను స్టోరులోకి వచ్చాకే ఉత్పత్తి జోరందుకుంటుంది.

మన వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులు తెచ్చేది కూడా ఈ రబ్బరు స్టాంపు జాతిదే. దాన్ని మోసేవి తామర పురుగులు. ఈ కుటుంబం వైరస్‌లకు ఒక చిత్రమైన దొంగతనం అలవాటు. కణంలో చెల్లుబాటయ్యే ప్రతి ఆదేశానికీ ముందు ఒక టోపీ ఉంటుంది. టోపీ లేని ఆదేశాన్ని కణం సాధారణంగా లెక్కచేయదు. ఈ వైరస్‌కు సొంత టోపీ లేదు. అందుకని మొక్క ఆదేశాల తలలు కొరికి, ఆ టోపీలు తన ఆదేశాలకు పెట్టుకుంటుంది. జాతరలో పరాయివాడి తలపాగా కొట్టేసి పెద్దమనిషిలా తిరిగేవాణ్ణి మనం చూశాం కదా, అట్లా.

ఇక రెండో రకం ఆర్‌ఎన్‌ఏ నేరుగా చదవగలిగిన అచ్చు కాగితం. ఇది యంత్రం మోసుకురానక్కరలేదు. నక్షా తెస్తే చాలు, కణమే యంత్రం తయారు చేసి ఇస్తుంది. దీనికి మనవాళ్లు మరిచిపోలేని ఉదాహరణ అనంతపురం. 2000 సంవత్సరంలో అక్కడ వేరుశనగ చేలు కొనలు మాడి, కాండాలు నల్లబడి కుప్పకూలాయి. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో తెగులు, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం అని అంచనా వేశారు. చూడ్డానికి మొవ్వుకుళ్లు లాగే ఉన్నా, ఇక్రిశాట్‌లో పరీక్షిస్తే అది వేరే వైరస్ అని తేలింది. పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. దీనికి ఇల్లు వయ్యారిభామ. మనం కాంగ్రెస్ గడ్డి అంటాం. ఆ కలుపు మొక్క పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుతుంది. అవి వేరుశనగ ఆకును గీకి తిన్నప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. గట్ల మీద, రోడ్ల పక్కన మనం పట్టించుకోని గడ్డి అంత పని చేసింది.

ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ మూడు ముక్కలు. మూడింటినీ వేరువేరు డబ్బాల్లో సర్దుతుంది. మూడు రకాల డబ్బాలూ ఒకే కణంలోకి చేరితేనే పని మొదలవుతుంది. మొదటి రెండు ముక్కల్లో నకలు యంత్రం నక్షా ఉంది. మూడో దాంట్లో కణం నుంచి కణానికి పోయే ఉపాయం, డబ్బా తయారీ సమాచారం ఉన్నాయి. ఒక మెషీన్ మూడు కార్టన్లలో వస్తే, ఒక కార్టన్ లారీలో మరిచిపోతే ఏమవుతుందో ఇన్‌స్టలేషన్ చేసినవాళ్లకు తెలుసు.

ఇందులో నన్ను చాలారోజులు ఆలోచింపజేసిన చిక్కు ఒకటుంది. అచ్చు కాగితం లాంటి ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే మూడు పనులు చేయాలి. కణం దాన్ని చదివి ప్రోటీన్లు చేయాలి. నకలు యంత్రం దాన్ని చూసి నకలు తీయాలి. చివరికి అది డబ్బాలోకి పోవాలి. చదివే యంత్రం తల నుంచి తోక వైపు నడుస్తుంది. నకలు యంత్రం తోక నుంచి తల వైపు నడుస్తుంది. రెండూ ఒకేసారి ఎక్కితే? బొంబాయి హైవే ఇంకా ఒంటి రోడ్డుగా ఉన్న రోజుల్లో రుద్రారం దగ్గర ఎదురెదురుగా రెండు లారీలు వచ్చినట్టే. ఎవరూ కదలరు. అందుకే వరుస ఉండాలి. ముందు చదవడం, తర్వాత నకలు, ఆ తర్వాత ప్యాకింగ్. వైరస్‌కు సూపర్‌వైజర్ లేడు, షిఫ్ట్ బెల్లు లేదు. ఆ వరుసను ప్రోటీన్లే నడిపిస్తాయి. నకలు యంత్రం ఆర్‌ఎన్‌ఏను కణంలోని పొరల దగ్గరికి లాక్కుపోతుంది. అక్కడ పొర లోపలికి నొక్కుకుని చిన్న సంచుల్లా తయారవుతుంది. నకళ్లు ఆ సంచుల చాటున తయారవుతాయి. చాటు ఎందుకంటే మొక్కకూ కాపలా ఉంది. జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ కనబడితే ముక్కలు ముక్కలు చేసే ఏర్పాటు మొక్క కణంలో ఉంది.

టొబాకో స్ట్రీక్ వైరస్‌లో ఇంకో వింత ఏమిటంటే, డబ్బా ప్రోటీన్ అణువులు కొన్ని ఆర్‌ఎన్‌ఏ తోకకు అతుక్కోకపోతే అసలు పనే మొదలు కాదు. అంటే డబ్బా వట్టి డబ్బా కాదు, తాళంచెవి కూడా. ప్యాకింగ్ అంటే చివర చేసే చిల్లర పని అని మా ఫ్యాక్టరీలో కూడా చాలామంది అనుకుంటారు. వాళ్లకు ఈ వైరస్ గురించి చెబుతుంటాను.

ఇక డబ్బా ఎట్లా తయారవుతుంది? దీనికి మంచి పాఠం మన తిరుపతి దగ్గరే దొరికింది. అక్కడి రైతుల పొలాల్లో అవిసె చెట్ల ఆకుల మీద మచ్చలు తెచ్చే వైరస్ ఒకటి 1980ల మొదట్లో బయటపడింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దాన్ని గుర్తించారు. తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో హెచ్.ఎస్. సావిత్రి, ఎం.ఆర్.ఎన్. మూర్తి, వారి విద్యార్థులు ఏండ్ల తరబడి దాన్ని విప్పి చూశారు. ఆ డబ్బా ఒకే ప్రోటీన్ అణువులు 180 కలిసి కట్టిన గుండ్రని గూడు. అచ్చం ఒకే అచ్చులో పోసిన 180 ఇటుకలు. మేస్త్రీ లేడు. వైరస్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి ఆ ప్రోటీన్ ఒక్కదాన్నే తయారు చేయించినా, అణువులు తమంతట తామే గూడు కట్టుకున్నాయి.

ప్రతి అణువుకూ ముందు ఒక చెయ్యి లాంటి భాగం ఉంది. ఆ చేతిలో 65 అమైనో ఆమ్లాలు కత్తిరించేస్తే 180 ఇటుకల గూడు కట్టలేక 60 ఇటుకల చిన్న గూడు కట్టింది. ఆ చేతిలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా ఉన్న చోటు ఒకటుంది. వాటికి ధన విద్యుదావేశం, ఆర్‌ఎన్‌ఏకు రుణ విద్యుదావేశం. రెండూ అతుక్కుంటాయి. ఆ ఆర్జినిన్లను తీసి రుణావేశం ఉన్న వేరే వాటిని పెడితే గూడు కట్టింది గానీ లోపల ఆర్‌ఎన్‌ఏ లేదు. ఖాళీ డబ్బా. మా లైనులో మాత్ర లేని బ్లిస్టర్ వస్తే కెమెరా పట్టుకుని బయటికి నెడుతుంది. ప్రకృతిలో ఖాళీ డబ్బా ఎవరికీ తెగులు తేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. కణం నిండా మొక్క సొంత ఆర్‌ఎన్‌ఏలు వేలు, లక్షలు తిరుగుతుంటాయి. డబ్బా ప్రోటీన్ వాటిని వదిలి, వైరస్ ఆర్‌ఎన్‌ఏనే ఎట్లా ఏరుకుంటుంది? మందుల ఫ్యాక్టరీలో దీన్ని లైన్ క్లియరెన్స్ అంటాం. కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు పాత బ్యాచ్ మాత్ర ఒక్కటి కూడా లైనులో లేకుండా చూడాలి. లేకపోతే షుగర్ మందు డబ్బాలో బీపీ మాత్ర పోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌లో ఎ.ఎల్.ఎన్. రావు బృందం గడ్డిజాతి మొక్కల వైరస్ ఒకదానిపై ఈ ప్రశ్ననే పరిశోధించింది. నకలు యంత్రం పనిచేస్తూ, దాని చేతి మీదుగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏ అయితే డబ్బా ప్రోటీన్ దాన్నే సరిగ్గా ఎక్కించుకుంటుంది. నకలు పని లేకుండా డబ్బా ప్రోటీన్ ఒక్కదాన్నే కణంలో తయారు చేయిస్తే, దొరికిన మొక్క ఆర్‌ఎన్‌ఏలన్నింటినీ ఎక్కించుకుంటుంది. అంటే తయారీ, ప్యాకింగ్ ఒకదాని పక్కన ఒకటి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటేనే సరుకు మారిపోకుండా ఉంటుంది. మేము ఎన్ని తప్పులు చేసి, ఎన్ని ఆడిట్లు ఎదుర్కొని నేర్చుకున్న సంగతో ఇది!

ఇదంతా తెలిసి ఏం లాభం అని మిత్రులు అడగవచ్చు. చేనులో వైరస్ పట్టిన మొక్కను బాగుచేసే మందు లేదు. ఆ సంగతి తెలియడమే మొదటి లాభం. మా నాయిన అప్పు చేసి వేసిన యూరియా మిగిలేది. రెండో లాభం, పాత మోడు కంది, గట్టు మీద ఏడాది పొడవునా వదిలేసిన కంది చెట్టు నల్లికీ వైరస్‌కూ వేసవి విడిది అని తెలిస్తే, తొలకరికి ముందే వాటిని పీకేస్తాం. తెగులు మొక్క తొలిదశలోనే కనబడితే దాన్నీ పీకేస్తాం. మూడోది, తట్టుకునే విత్తనం ఎంచుకుంటాం. ఒక చోట తట్టుకున్న రకం ఇంకో చోట పడిపోతుంది, ఎందుకంటే వైరస్‌లో రకాలున్నాయి. పటాన్‌చెరు వైపు దొరికే రకం కంటే బెంగళూరు రకం గట్టిది. అందుకని విత్తనం కొనేటప్పుడు మన ప్రాంతానికి సరిపోతుందా అని అడగాలి.

నాలుగో లాభం మా ఇంటిది.

నాకు ఈ వైరస్ సంగతి తెలిసింది 2005 ప్రాంతంలో. రామచంద్రాపురంలో మా పక్కింటాయన ఇక్రిశాట్ ల్యాబులో పనిచేసేవారు. ఒక ఆదివారం మాటల్లో మాటగా మా గొడ్డు కంది కథ చెబితే, ఆయన నన్ను కూర్చోబెట్టి నల్లి సంగతి, వైరస్ సంగతి అంతా చెప్పారు. ఆ వారమే ఊరికి పోయాను. నాయిన అప్పటికే పోయాడు. అత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. కంటికి కనపడని నల్లి, గాలికి కొట్టుకొస్తుంది, దాని నోట్లో వైరస్, అది మొక్కలోకి పోయి తన నకళ్లు తీసుకుంటుంది, మొక్క పూత మానేస్తుంది, విత్తే చేతికీ దానికీ ఏ సంబంధమూ లేదు అని.

అంతా విని, చింతపండు పక్కన పెట్టి, తన అరచెయ్యి చూసుకుంది. "నా చెయ్యి మంచిదేనని నాకు అప్పుడే ఎరుకరా అల్లుడా. ఎరుక కావాల్సింది మీకు" అంది. కాసేపాగి, "నాకు చెప్తే ఏమొస్తది? బాయికాడ చెప్పు" అంది.

నేను చెప్పలేదు. ఆ బావి పూడిపోయింది, ఆ మాట అన్నవాళ్లలో చాలామంది లేరు, ఇప్పుడెందుకులే అనుకున్నాను. నిజానికి సిగ్గు. ఆ మాట మోసుకుపోయి ఆమెకు చెప్పింది నేనే. నల్లి వైరస్‌ను మోసినట్టు నేను ఆ నిందను మోశాను. నల్లికైనా తెలివి లేదు, నేను సైన్సు చదువుతున్న పిల్లవాణ్ణి.

కారణం తెలియని చోట మనుషులు ఊరికే ఉండరు. దగ్గరలో ఉన్న బలహీనుల్ని కారణం చేస్తారు. పంట పోతే పిల్లలు లేని ఆడమనిషి, ఫ్యాక్టరీలో బ్యాచ్ పోతే కాంట్రాక్టు కూలీ. నా ఉద్యోగంలో బ్యాచ్ ఫెయిల్ అయిన ప్రతిసారీ రిపోర్టులో మనిషి తప్పిదం అని రాసేయడం అందరికీ సులువు. ఆ మాట రాయబోయినప్పుడల్లా నాకు ఆ చాటలో పడ్డ గింజలు గుర్తొస్తాయి. ఇంకో రోజు ఆగి, సీలింగ్ ఉష్ణోగ్రతలు, సెన్సర్లు, ముడిసరుకు మళ్లీ చూస్తాను. చాలాసార్లు నల్లి ఎక్కడో దొరుకుతుంది.

అందుకే ఈ రోజు ఈ ప్రసంగం. బావి లేదు కాబట్టి ఈ వేదికే బావి కాడ అనుకుంటున్నాను. మా ఊరివాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. 1984లో మా కంది చేను కాయకపోవడానికి కారణం మా అత్త చెయ్యి కాదు. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి, ఇంత దూరం రాలేదు. సంచిక అచ్చయ్యాక ఈ పేజీ ఆమెకు చదివి వినిపిస్తాను.

పిల్లలకు ఒక్క మాట. తెలియనిది తెలియదని చెప్పే మాస్టారు దొరికితే ఆయన్ని వదలకండి. మా బ్యాచ్ తరఫున ఈ రోజు బడి ల్యాబుకు ఒక మంచి సూక్ష్మదర్శిని ఇస్తున్నాం. వైరస్ దాంట్లో కనపడదు, నల్లి మాత్రం బాగా కనపడుతుంది. వచ్చే చలికాలం మీ చేనులో పూయని కంది మొక్క కనబడితే ఆకు తెంపుకు రండి, అడుగు వైపు తిప్పి పెట్టి చూడండి. చూసింది ఇంటికి పోయి చెప్పండి.

సార్, మీ ప్రశ్నకు జవాబు అప్పజెప్పాను. తప్పులుంటే ఎప్పటిలాగే ఎర్ర సిరాతో దిద్దండి.